ఏడీహెచ్‌డీ మందును పనిలో పనికొచ్చేలా వాడుకోవడం ఎలా

ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్య ఏడీహెచ్‌డీ. దానికి మందు మొదలుపెట్టిన చాలామంది మూడో రోజుకే తీర్పు చెప్పేస్తారు. అద్భుతంగా ఉందనో, నాకు పడలేదనో. రెండూ తొందరపాటే. మెదడును చురుకు చేసే స్టిమ్యులెంట్ మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొందరికి ఒళ్లు తేలికైనట్టు, ఉత్సాహం పొంగినట్టు ఉంటుంది. కొద్ది రోజుల్లో అది తగ్గిపోతుంది. తగ్గాల్సిందే. ఆ ఉత్సాహం వేరు, శ్రద్ధ నిలవడం వేరు. ఈ తేడా తెలియక, ఉత్సాహం తగ్గగానే మందు పనిచేయడం మానేసిందనుకుని మోతాదు పెంచమని అడుగుతారు. అక్కడి నుంచి గుండె దడ, నిద్రలేమి, చిరాకు వరసకడతాయి. ఇంకొందరు మొదటి వారంలో వచ్చిన తలనొప్పికే భయపడి మానేస్తారు. మందు వేసుకుంటే ఎలా అనిపిస్తోందన్నది పక్కన పెట్టి, పనిలో ఏం మారిందో చూడటం నేర్చుకుంటే ఈ రెండు పొరపాట్లూ తప్పుతాయి.

ఇక్కడ రాసిన మోతాదులు డాక్టరుతో మాట్లాడేటప్పుడు విషయం అర్థం కావడానికి మాత్రమే. సొంతంగా మొదలుపెట్టడానికో పెంచుకోవడానికో కాదు. స్నేహితుడి దగ్గర ఒక మాత్ర తీసుకుని, పనిచేస్తే నాకూ ఏడీహెచ్‌డీ ఉన్నట్టే అనుకోవడం మరీ పొరపాటు. స్టిమ్యులెంట్ వేసుకుంటే ఏడీహెచ్‌డీ లేనివాళ్లకూ మెలకువ, హుషారు పెరుగుతాయి. దాన్ని బట్టి ఏమీ తేలదు.

మందుల చీటీ రాయించుకునే ముందు

పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ అని తేల్చాలన్నా, లక్షణాల్లో కొన్నయినా 12 ఏళ్లు రాకముందే మొదలై ఉండాలి. అందుకే డాక్టరు చిన్ననాటి సంగతులు గుచ్చి గుచ్చి అడుగుతారు. పాత ప్రోగ్రెస్ రిపోర్టులు దొరికితే పట్టుకెళ్లండి. మార్కులకన్నా టీచర్లు రాసిన వ్యాఖ్యలు ఎక్కువ పనికొస్తాయి. అమ్మానాన్నల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరితో డాక్టరు మాట్లాడే వీలుంటే ఇంకా మంచిది. ధ్యాస గత రెండేళ్లలోనే చెదిరిందంటే కారణం వేరే అయి ఉండవచ్చు. గురకతో నిద్ర తెగిపోయే స్లీప్ ఆప్నియా, థైరాయిడ్, డిప్రెషన్, ఆందోళన, రక్తహీనత అన్నీ బయటికి ఏడీహెచ్‌డీలాగే కనిపించగలవు. వీటిని వదిలేసి స్టిమ్యులెంట్ వేసుకుంటే అసలు జబ్బు కొన్నాళ్లు మరుగున పడుతుంది, అంతే.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పవలసినవి కొన్నున్నాయి. మెట్లెక్కినా పరిగెత్తినా ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా? మీ అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరైనా 40 ఏళ్ల లోపే గుండె ఆగి హఠాత్తుగా చనిపోయారా? పుట్టుకతో గుండె జబ్బు, బీపీ, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా, మూర్ఛ ఉన్నాయా? మీకో, ఇంట్లో ఎవరికో బైపోలార్ (విపరీతమైన హుషారు, కుంగుబాటు మారిమారి రావడం) కానీ సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం) కానీ ఉందా? మత్తు పదార్థాల అలవాటు ఉండేదా? గర్భం దాల్చే ఆలోచన ఉందా? ఇప్పుడు వాడుతున్న మందులన్నిటి పేర్లూ రాసుకుని వెళ్లండి. డిప్రెషన్‌కు ఇచ్చే ఎంఏఓఐ రకం మందు మానేసి 14 రోజులు కూడా గడవకుండా స్టిమ్యులెంట్ కానీ అటోమాక్సిటిన్ కానీ వేసుకోకూడదు. బీపీ ప్రమాదకరంగా పెరిగిపోతుంది.

బీపీ, నాడి, బరువు మందు మొదలుపెట్టకముందే కొలిపించుకుని అంకెలు దగ్గర పెట్టుకోండి. తర్వాత వచ్చే ప్రతి అంకెనూ వీటితోనే పోల్చాలి.

మందు లేని వారం లెక్క

ఎక్కువమంది వదిలేసే పని ఇది. మా దృష్టిలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. మొదటి మాత్ర వేసుకోకముందు ఒక వారం పాటు మూడంటే మూడు విషయాలు లెక్కపెట్టండి. ఏకాగ్రత, ప్రశాంతత లాంటి మాటలు వద్దు. నిమిషాల్లోనో సార్లలోనో రాయగలిగేవి కావాలి. ఉదాహరణకు:

పొద్దున కూర్చున్నాక ముఖ్యమైన మొదటి పని మొదలుపెట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టింది?
జవాబు ఇవ్వకుండా రేపటికి నెట్టేసిన మెయిళ్లు ఎన్ని?
మీటింగులో ఇప్పుడేమన్నారని మళ్లీ అడగాల్సి వచ్చింది ఎన్నిసార్లు?

మీ ఉద్యోగానికి తగినవి మీరు ఎంచుకోండి. లెక్కలు చూసేవాళ్లయితే తిరిగి సరిచేయాల్సి వచ్చిన తప్పులు, దుకాణం నడిపేవాళ్లయితే మరిచిపోయిన ఆర్డర్లు. రోజూ సాయంత్రం రెండు నిమిషాలు చాలు. ఇంట్లోనో ఆఫీసులోనో మీరు నమ్మే మనిషి ఒకరిని కూడా గమనించమనండి. మోతాదు ఎక్కువైనప్పుడు మనిషి ముభావంగా మారిపోవడం వేసుకున్నవాళ్లకన్నా పక్కవాళ్లకే ముందు తెలుస్తుంది.

ఏ మందు ఎలా పనిచేస్తుంది

పెద్దవాళ్లకు సాధారణంగా ముందు ఇచ్చేవి స్టిమ్యులెంట్లు. వీటిలో మిథైల్‌ఫెనిడేట్ ఒక కుటుంబం, యాంఫెటమిన్లు మరో కుటుంబం. రెండూ మెదడులో డోపమిన్, నారెపినెఫ్రిన్ అనే సందేశ రసాయనాలు ఎక్కువసేపు అందుబాటులో ఉండేలా చేస్తాయి. ఒకటి పడనివాళ్లకు రెండోది చక్కగా పడటం మామూలే. మొదటిది విఫలమైతే ఆశ వదులుకోనక్కర్లేదు.

మిథైల్‌ఫెనిడేట్ మామూలు మాత్ర అరగంట నుంచి గంట లోపు పనిలోకి దిగి 3 నుంచి 4 గంటలు ఉంటుంది. తరచుగా 5 మిల్లీగ్రాములతో, రోజుకు రెండు మూడు సార్లుగా మొదలుపెట్టి వారానికోసారి పెంచుతారు. దీర్ఘకాలం పనిచేసే రకాల్లో ఆస్మోటిక్ మాత్ర ఒకటి, అంటే నీటిని లోపలికి పీల్చుకుని ఆ ఒత్తిడితో మందును బయటికి నెట్టేది. ఇది 18 మిల్లీగ్రాముల నుంచి మొదలవుతుంది, 10 నుంచి 12 గంటలు ఉంటుంది. మందులో 22 శాతం పైపూతలో ఉండి వెంటనే కరుగుతుంది. మిగతాది లోపలి నుంచి సన్నని రంధ్రం గుండా మెల్లగా బయటికి వస్తుంది. ఖాళీ డొల్ల మలంలో కనిపిస్తే కంగారు పడకండి, మందు లోపలికి వెళ్లిపోయినట్టే. ఈ మాత్రను విరవకూడదు, నమలకూడదు, నూరకూడదు. అలా చేస్తే రోజంతా రావలసిన మందు ఒక్కసారిగా దిగుతుంది.

లిస్‌డెక్సాంఫెటమిన్ గుళిక మింగినప్పుడు నిద్రాణంగానే ఉంటుంది. లైసిన్ అనే అమైనో ఆమ్లం దానికి అతుక్కుని ఉంటుంది. ఎర్ర రక్తకణాలు దాన్ని విడగొట్టాకే అసలు మందు తయారవుతుంది. అందుకే గంటన్నర, రెండు గంటలకు గానీ ఊపందుకోదు. పెద్దవాళ్లలో 13, 14 గంటల దాకా ఉంటుంది. మామూలుగా 30 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, గరిష్ఠం 70. గుళిక మింగలేనివాళ్లు దాన్ని తెరిచి మందును నీళ్లలో కలిపి వెంటనే తాగవచ్చు.

స్టిమ్యులెంట్ కానివాటిలో ఎక్కువగా వాడేది అటోమాక్సిటిన్. పెద్దవాళ్లకు రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కనీసం మూడు రోజుల తర్వాత 80కి, అవసరమైతే ఇంకొన్ని వారాలకు 100కి తీసుకెళ్తారు. దీనికి గంటల లెక్క లేదు. పొద్దున లేచినప్పుడూ రాత్రి పడుకోబోయే ముందూ ఒకేలా ఉంటుంది. కానీ తేడా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. రెండో వారంలో మానేసి ఇది పనికిరాదన్నవాళ్లు నిజానికి దాన్ని పరీక్షించనే లేదు. పరగడుపున వేసుకుంటే వికారం పెడుతుంది, తిన్నాకే వేసుకోండి. గుళిక తెరవవద్దు, లోపలి పొడి తగిలితే కళ్లు మండుతాయి. ఫ్లుయోక్సెటిన్, పారోక్సెటిన్, బుప్రోపియాన్ లాంటి డిప్రెషన్ మందులు దీన్ని కాలేయంలో విరగనీయవు. అవి వాడుతుంటే అదే 40 మిల్లీగ్రాములు ఒంట్లో ఎన్నో రెట్లు పేరుకుంటాయి. ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా గుర్తుచేయండి.

మోతాదు తక్కువా, వ్యవధి తక్కువా?

మోతాదు సరిచేసే వారాల్లో ఒకసారి ఒక్కటే మార్చండి. మోతాదు మారిన వారంలోనే కాఫీ మానేసి, జిమ్ మొదలుపెట్టి, నిద్రవేళ మార్చుకుంటే దేనివల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకుని, ఒక వరసలో ఇవి రాయండి: వేసుకున్న సమయం, పట్టు దొరికిందనిపించిన సమయం, జారిపోయిన సమయం, మీ మూడు లెక్కలు, తిన్న పూటలు, నిద్ర గంటలు, నాడి.

ఈ వరసలు ఏడు చేరాక చూస్తే చాలా సంగతులు వాటంతటవే తేలతాయి. రోజంతట్లో ఏ వేళా మార్పు లేకపోతే మోతాదు చాలలేదని అర్థం. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం ఒంటిగంటకు తెగిపోతుంటే మోతాదు సరిపోయింది, వ్యవధే చాలలేదు. ఈ రెండో సందర్భంలో మోతాదు పెంచడమే అందరూ చేసే తప్పు. పెంచితే పొద్దున పూట దడ పెరుగుతుంది, ముగిసే వేళ మాత్రం పెద్దగా వెనక్కి జరగదు. ఎక్కువసేపు ఉండే రకానికి మారడమో, మధ్యాహ్నం చిన్న మామూలు మాత్ర ఒకటి చేర్చడమో దానికి మందు. డాక్టరుతో పనిచేయడం లేదని చెప్పడానికీ, ఏడున్నరకు వేసుకుంటే ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా బాగుంది, తర్వాత లేదని చెప్పడానికీ చాలా తేడా ఉంది. రెండో మాటకు వెంటనే పరిష్కారం దొరుకుతుంది.

దుష్ప్రభావాలనూ గడియారం పక్కన పెట్టే చదవాలి. మందు పతాక స్థాయిలో ఉన్న గంటల్లో దడ, పళ్లు బిగపట్టడం, మాట తగ్గిపోవడం, నవ్వు రాకపోవడం కనిపిస్తే మోతాదు ఎక్కువైందని అనుమానించాలి. ఒకే స్లైడ్‌లోని రంగులు సరిచేస్తూ మూడు గంటలు గడిపేయడం కూడా ఆ లక్షణమే. బయటికి అది శ్రద్ధలా కనిపిస్తుంది కాబట్టి మోసపోకండి. అలా కాక, సాయంత్రం మందు దిగిపోయే గంటలో ఉన్నట్టుండి చిరాకు, నీరసం, ఏడుపు ముంచుకొస్తే అది రీబౌండ్. దానికి మోతాదు తగ్గించినా లాభం ఉండకపోవచ్చు. దిగే వేళను మెత్తగా చేయాలి. ఆ గంటకు ముందే ఏదైనా తినండి, పెద్ద చర్చలూ కీలకమైన ఫోన్లూ ఆ గంటలో పెట్టుకోకండి, అయినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.

కొందరు ఆడవాళ్లకు నెలసరికి ముందు వారంలో అదే మోతాదు పలచబడినట్టు ఉంటుంది. లెక్కలో నెలసరి తేదీలు కూడా గుర్తుపెడితే, ఆ వారం చూసి మోతాదు మొత్తం పెంచేసే పొరపాటు తప్పుతుంది.

రోజును మందు చుట్టూ అమర్చుకోవడం

మందు పట్టును ఇస్తుంది. దేన్ని పట్టుకోవాలో చెప్పదు. మాత్ర పనిలోకి దిగే వేళకు చేతిలో ఫోన్ ఉంటే ఆ పట్టంతా ఫోన్‌కే పోతుంది, తలెత్తి చూసేసరికి మధ్యాహ్నమవుతుంది. అందుకని రేపటి మొదటి పని ఈ రాత్రే నిర్ణయించండి. నివేదిక పూర్తిచేయాలని రాస్తే చాలదు. ఫలానా ఫైలు తెరిచి రెండో భాగం మొదటి పేరా రాయాలన్నంత స్పష్టంగా కాగితం మీద పెట్టండి. పొద్దున అల్పాహారం ముందు, తర్వాత మాత్ర. ఈ వరస తిప్పితే ఆకలి చచ్చిపోయి అల్పాహారం తప్పుతుంది, పదకొండింటికి తలనొప్పి వస్తుంది. దాన్ని మందు మీదికి తోసేస్తారు. ప్రొటీన్ ఉన్న తిండి అయితే మధ్యాహ్నం దాకా కడుపు నిలుస్తుంది. మధ్యాహ్నం ఆకలి వేయకపోయినా గడియారం చూసి కొంచెమైనా తినండి. లోటును మందు దిగాక రాత్రి భోజనంలో పూడ్చుకోవచ్చు.

మాత్ర వేసుకున్న వేళ నుంచి అది పుంజుకునే వేళ లెక్కగట్టి, రోజులోని కష్టమైన పనిని అక్కడ పెట్టండి. మెయిళ్లు, ఫారాలు, సర్దుళ్లు చివరి గంటలకు నెట్టండి. మీ వ్యవధి పది గంటలైతే, పదింటికి మొదలయ్యే ఉద్యోగానికి ఆరింటికే మాత్ర వేసుకోవడం దండగ.

మరిచిపోయిన మాత్ర సంగతి. ఎక్కువసేపు ఉండే రకాన్ని మధ్యాహ్నం దాటాక వేసుకుంటే ఆ రాత్రి నిద్ర పోయినట్టే. ఆ రోజుకు వదిలేయండి. మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. వేసుకున్నానా లేదా అన్న అనుమానం ఈ సమస్య ఉన్నవాళ్లకు దాదాపు రోజూ వస్తుంది. వారానికి ఏడు గదులున్న మాత్రల డబ్బా ఒకటి ఈ చిక్కు తీరుస్తుంది. అనుమానం తీరకపోతే వేసుకున్నట్టే భావించండి. ఒక రోజు మందు లేకపోవడం కన్నా రెండింతలు పడటం చెడ్డది.

కాఫీ, మద్యం, జలుబు మాత్రలు

కాఫీ, స్టిమ్యులెంట్ రెండూ గుండె వేగాన్ని పెంచేవే. రోజుకు నాలుగు కప్పులు తాగే అలవాటుంటే మందు మొదలుపెట్టడానికి వారం ముందే రెండుకు తగ్గించండి. మందు మొదలైన రోజే కాఫీ పూర్తిగా మానేస్తే కెఫీన్ లేక వచ్చే తలనొప్పి మందు ఖాతాలో పడుతుంది. స్టిమ్యులెంట్ కాని మరో ఏడీహెచ్‌డీ మందు వైలోక్సజిన్ వాడుతున్నవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. అది కెఫీన్‌ను ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, ఒక కప్పు కొన్ని కప్పుల పని చేస్తుంది.

మద్యం తాగితే కొన్ని దీర్ఘకాలిక మిథైల్‌ఫెనిడేట్ గుళికలు మందును ఒక్కసారిగా వదిలేస్తాయి. పైగా స్టిమ్యులెంట్ మీద ఉన్నప్పుడు మత్తు ఎంత ఎక్కిందో తెలియదు, కొలత మించిపోతుంది. ముక్కు దిబ్బడకు ఇచ్చే సూడోఎఫిడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు బీపీని ఇంకా పెంచుతాయి. కొనేముందు ఫార్మసిస్టును అడగండి. యాంఫెటమిన్ వాడేవాళ్లు విటమిన్ సి పెద్ద మోతాదులో తీసుకుంటే మూత్రం ఆమ్లంగా మారి మందు త్వరగా బయటికి పోతుంది.

ఎప్పుడు ఆగాలి, ఎవరికి చెప్పాలి

ఆకలి తగ్గడం, నోరెండిపోవడం, స్వల్పంగా తలనొప్పి, రాత్రి ఆలస్యంగా నిద్ర పట్టడం తొలి వారాల్లో మామూలు. రెండు మూడు వారాలకూ తగ్గని నిద్రలేమికి వేళ కానీ రకం కానీ మార్చాలి. నిద్రమాత్ర కలిపి కాలం గడపడం మంచి దారి కాదు. నిద్ర తగ్గితే మర్నాడు శ్రద్ధ తగ్గుతుంది, దానికి మోతాదు పెరుగుతుంది, నిద్ర ఇంకా తగ్గుతుంది.

స్టిమ్యులెంట్లతో సగటున బీపీ 2 నుంచి 4 పాయింట్లు, నాడి నిమిషానికి 3 నుంచి 6 సార్లు పెరుగుతాయి. సగటు చిన్నదే, కానీ కొందరికి చాలా ఎక్కువ పెరుగుతుంది, అందుకే కొలవాలి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, కాఫీకి ముందు, రోజూ అదే వేళకు కొలవండి. బీపీ వేర్వేరు రోజుల్లో 140/90 దాటితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చెప్పండి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా నాడి 120 పైన ఉంటే అదే రోజు చెప్పాలి. మోతాదు మారిన ప్రతిసారీ, స్థిరపడ్డాక ఆరు నెలలకోసారి బీపీ, నాడి, బరువు చూపించుకోండి. వేళ్లు చల్లబడి తెల్లగానో నీలంగానో మారుతుంటే అదీ చెప్పండి, రక్తనాళాలు ముడుచుకుంటున్నాయన్నమాట.

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, లేని మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారన్న నమ్మకం, నిద్రే అక్కర్లేనంత విపరీతమైన హుషారు, నాలుగు గంటలు దాటినా తగ్గని అంగస్తంభన: వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లాలి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే అప్పుడూ అంతే. పక్కన మనిషిని పెట్టుకుని వెంటనే సాయం అడగండి. అటోమాక్సిటిన్ వాడేవాళ్లలో మూత్రం ముదురు రంగుకు మారడం, కళ్లు పచ్చబడటం కాలేయం దెబ్బతింటోందనడానికి గుర్తు. ఇది అరుదు, కానీ ఆగకూడదు.

సెలవు రోజుల్లో మానేయవచ్చా అని చాలామంది అడుగుతారు. స్టిమ్యులెంట్ల విషయంలో డాక్టరు సరేనంటే వారాంతం వదిలేయవచ్చు. అయితే ఆ రోజు వాహనం నడపాల్సి ఉంటే ఆలోచించండి, శ్రద్ధ అవసరం రోడ్డు మీద ఇంకా ఎక్కువ. అటోమాక్సిటిన్‌లో ఇలా మధ్యమధ్యలో మానడం కుదరదు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మరో రకం మందులు గ్వాన్‌ఫసిన్, క్లోనిడిన్ వాడుతుంటే మాత్రం చటుక్కున ఎప్పుడూ ఆపొద్దు, బీపీ ఎగదన్నుతుంది. మెల్లగా తగ్గిస్తూ మానాలి.

చీటీ, ప్రయాణం, ఉద్యోగం

మిథైల్‌ఫెనిడేట్, యాంఫెటమిన్ 1971 నాటి ఐక్యరాజ్యసమితి సైకోట్రోపిక్ పదార్థాల ఒప్పందంలో నియంత్రిత మందులు. అందువల్ల దాదాపు ఎక్కడైనా కొత్త చీటీ లేకుండా దొరకవు. మాత్రలు పది మిగిలి ఉండగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ తేదీని మాత్రలు తెచ్చుకున్న రోజే ఫోన్‌లో పెట్టేయండి. వేరే దేశం వెళ్తుంటే అక్కడి నిబంధన వారాల ముందే కనుక్కోండి. కొన్ని దేశాలు యాంఫెటమిన్‌ను చీటీ ఉన్నా రానివ్వవు. అసలు డబ్బా, చీటీ నకలు, డాక్టరు లేఖ చేతి సంచిలో ఉండాలి. ఇంట్లో తాళం వేసిన చోట పెట్టండి. మంచివాళ్లే అయినా పరీక్షల ముందు పిల్లలు అడుగుతారు, ఆఫీసులో స్నేహితులూ అడుగుతారు. ఎవరికీ ఇవ్వకండి.

ఉద్యోగంలో మూత్ర పరీక్ష ఉంటే లిస్‌డెక్సాంఫెటమిన్ వాడేవాళ్లకు యాంఫెటమిన్ పాజిటివ్ వస్తుంది. పరీక్షకు ముందే చీటీ చూపించండి, ఫలితం వచ్చాక చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది. ఆఫీసులో ఏడీహెచ్‌డీ ఉందని చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. పేరు చెప్పకుండానే అడగగలిగేవి చాలా ఉన్నాయి: నోటిమాటగా ఇచ్చిన పని మెయిల్‌లో కూడా పంపమనడం, పొద్దున రెండు గంటలు మీటింగులు లేకుండా ఉంచమనడం.

ఏడాదికోసారి

మందు ఇంకా అవసరమేనా అన్న ప్రశ్నను కనీసం ఏడాదికోసారి డాక్టరుతో కూర్చుని వేసుకోవాలి. పని ఒత్తిడి తక్కువగా ఉండే వారం ఎంచుకుని, డాక్టరు ఒప్పుకుంటే, స్టిమ్యులెంట్ ఆపి చూడండి. మొదటి రెండు మూడు రోజుల నిద్రమత్తు, ఆకలి లెక్కలోకి తీసుకోవద్దు, అది మందు వదిలినందువల్ల వచ్చేదే. నాలుగో రోజు నుంచి మొదట్లో ఎంచుకున్న ఆ మూడు విషయాలనే మళ్లీ రాయండి. ఆ కాగితాన్నీ, మందు మొదలుపెట్టకముందు వారం రాసిన కాగితాన్నీ, గత నెల కాగితాన్నీ మూడిటినీ పక్కపక్కన పెట్టి డాక్టరు బల్ల మీద ఉంచండి.